ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలో బి.ఎ. చరిత్ర: విజయవాడ నుంచి వెళ్లి చదవదగినదేనా?

లబ్బీపేట విద్యార్థిని (జనవరి 11, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం హెచ్.ఇ.సి. (చరిత్ర, ఆర్థికశాస్త్రం, పౌరశాస్త్రం) చదువుతున్నాను. మా కాలేజీలో ఎం.పి.సి.కి సెక్షన్ల మీద సెక్షన్లు ఉండగా మాది ఒక్కటే సెక్షన్, అందులోనూ వెనక బెంచీలు ఖాళీ. చరిత్ర ప్రధాన విషయంగా ఉంటూ, పక్కన ఆర్థికశాస్త్రమో సాహిత్యమో కూడా గట్టిగా చదవనిచ్చే బి.ఎ. కోసం వెతుకుతుండగా ఢిల్లీలోని డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం కనిపించింది. ఢిల్లీ ప్రభుత్వం 2007 నాటి చట్టంతో స్థాపించిన ఈ విశ్వవిద్యాలయం 2008లో పని మొదలుపెట్టింది. సామాజిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలే దీనికి ప్రధానం. ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయాల ఫీజులు ఏడాదికి లక్షల్లో ఉన్నాయి కనుక వాటి జోలికి వెళ్లలేము. నాన్నగారికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది, నా తరువాత తమ్ముడు కూడా చదవాలి.

నా సందేహం ఇది. ఇంజినీరింగ్ కాలేజీ అయితే ఎవరిని అడిగినా ఏదో ఒకటి చెబుతారు. ఇంత దూరంలోని, పెద్దగా పేరు వినపడని ఒక చిన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం మంచిదో కాదో ఇక్కడ కూర్చుని ఎలా తెలుసుకోవాలి?

బ్రాడీపేట మాస్టారు (జనవరి 12, ఉదయం 6:15)

అమ్మా, నేను గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్లకు పైగా ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నీ ప్రశ్న నాకు నచ్చింది, ఎందుకంటే సాధారణంగా నన్ను అడిగేవారు "మంచి కాలేజీ ఏది సార్" అంటారే గాని "ఎలా తెలుసుకోవాలి" అనరు.

ముందు లిబరల్ ఆర్ట్స్ అన్న మాట గురించి. దీనిని "ఉదార కళలు" అని అనువదిస్తే అదేదో దానధర్మాల కోర్సు అనుకునే ప్రమాదం ఉంది కనుక ఇంగ్లీషు మాటనే ఉంచుదాం. ఒక విషయాన్ని లోతుగా చదువుతూనే మరి నాలుగైదు విషయాల్లో ఆలోచించడం, రాయడం నేర్పే డిగ్రీ అని దాని అర్థం. మన రాష్ట్రంలో కూడా 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల పాత బి.ఎ. పోయి మేజర్, మైనర్ పద్ధతి వచ్చింది కనుక కాగితం మీద చూస్తే తేడా తగ్గినట్టే కనబడుతుంది. తేడా ఉండేది తరగతి గదిలో. వ్యాసాలు రాయిస్తారా, రాసిన దానిని ఎవరైనా చదివి ఎర్ర సిరాతో దిద్ది తిరిగి ఇస్తారా, లేక సెమిస్టరు చివర గైడు చదివి పరీక్ష రాస్తే సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న.

ఇక ర్యాంకుల సంగతి. కేంద్ర ప్రభుత్వం విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకులు 2016 నుంచి వస్తున్నాయి, రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు 2024లో ప్రత్యేక విభాగం పెట్టారు. వాటిలో పరిశోధన పత్రాల సంఖ్యకు, పదిమందిలో ఉన్న పేరుకు కూడా మార్కులుంటాయి. సైన్సు ప్రయోగశాలలు లేని చిన్న సంస్థ వీటిలో వెనకబడటం సహజం, దాని వల్ల బి.ఎ. విద్యార్థికి వచ్చే నష్టమూ లేదు. కాబట్టి ర్యాంకును పక్కన పెట్టి, ఆ ర్యాంకు కోసం సంస్థ సమర్పించిన ఫైలును చూడు. దానిని ప్రతి సంస్థ తన వెబ్‌సైటులో ఉంచాలి. మంజూరైన సీట్లెన్ని, నిజంగా చదువుతున్నవారెందరు, వారిలో ఇతర రాష్ట్రాలవారెందరు, డిగ్రీ తరువాత పై చదువులకు వెళ్లినవారెందరు, ఉద్యోగాల్లో చేరినవారి మధ్యస్థ వేతనమెంత అన్నవి అందులో ఉంటాయి. అధ్యాపకుల జాబితా కూడా ఉంటుంది. అందులో చరిత్ర శాఖవారెవరో వెబ్‌సైటుతో సరిచూసి, పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టు. ఎవరెవరు ఎప్పుడు చేరారో కూడా చూడు. అందరూ నిరుడే చేరారంటే అర్థం ఒకటి, పదేళ్లుగా ఉన్నారంటే అర్థం ఇంకొకటి.

కంకిపాడు కుర్రాడు (జనవరి 12, ఉదయం 10:02)

చెల్లెమ్మా, నొప్పించాలని కాదు గాని బి.ఎ.కు 1,750 కిలోమీటర్లు వెళ్లడం దేనికి? మన ఊళ్లోనే 1953 నుంచి ఆంధ్ర లయోలా ఉంది, ఆడపిల్లలకు 1962 నుంచి మేరీస్ స్టెల్లా ఉంది, ప్రభుత్వ కాలేజీయే కావాలంటే 1937 నాటి ఎస్.ఆర్.ఆర్. ఉంది. సివిల్స్‌కైనా గ్రూప్స్‌కైనా డిగ్రీ పాసవడమే అర్హత. అది ఏ విశ్వవిద్యాలయమో ఎవరూ అడగరు. నేను దూరవిద్యలో డిగ్రీ చేస్తూ గ్రూప్-2కు చదువుతున్నాను.

ఎర్రసిరా (జనవరి 12, మధ్యాహ్నం 2:30)

కంకిపాడు తమ్ముడి మాట పోటీ పరీక్షల వరకు నిజమే. కానీ ఆ అమ్మాయి పోటీ పరీక్షల గురించి అడగలేదు, చరిత్ర చదవడం గురించి అడిగింది.

నాది తెనాలి. దేశంలో మరొక చోట, ఇలాంటిదే ఒక చిన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో బి.ఎ. ఆనర్సు చేశాను. పేరు చెప్పను, ఎందుకంటే అక్కడ నాకు చదువు చెప్పినవారి మీద గౌరవం ఉంది, చెప్పబోయే ఇబ్బంది వారి తప్పూ కాదు. ప్రాస్పెక్టస్‌లో చరిత్ర శాఖ కింద ఐచ్ఛిక కోర్సులు ఒక పేజీ నిండా ఉండేవి. హిందూ మహాసముద్ర వాణిజ్యం అన్న కోర్సు పేరు చూసి, మచిలీపట్నం రేవు గురించి చదవవచ్చునన్న ఆశతో చేరాను. మూడవ సెమిస్టరు మొదటి రోజున నోటీసు బోర్డు మీద టైంటేబుల్ అంటించారు. పేజీ నిండా ఉన్న ఐచ్ఛికాల్లో నాలుగే అందులో ఉన్నాయి. నాకు కావలసినది ఆ నాలుగింటిలో ఉంది గాని, అధ్యాపకుని పేరుండవలసిన గడిలో చిన్న అడ్డగీత ఉంది. రెండు వారాల తరువాత ఆ వరుస మీద తెల్ల కాగితం అంటించారు. ఆ కోర్సు కోరుకున్నవాళ్లం ఏడుగురమే, కనీసం పదిమంది ఉంటే గాని నడపరట. చెప్పవలసిన మేడమ్ అప్పటికే సెలవు మీద విదేశానికి వెళ్లారు, ఆమె స్థానంలో ఎవరినీ తీసుకోలేదు.

అందుచేత చెల్లీ, చిన్న సంస్థను అంచనా వేసేటప్పుడు ప్రాస్పెక్టస్‌లో ఏమేం ఉన్నాయన్నది కాక, గడచిన నాలుగు సెమిస్టర్ల టైంటేబుల్‌లో ఏవి నిజంగా నడిచాయన్నది చూడాలి. పెద్ద విశ్వవిద్యాలయంలో ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఉంటారు. చిన్న చోట ఒక్కరు వెళ్లిపోతే చరిత్రలో ఒక యుగం మొత్తం వెళ్లిపోతుంది. పాత టైంటేబుళ్లు కొన్ని సంస్థలు వెబ్‌సైటులో ఉంచుతాయి. లేకపోతే శాఖ కార్యాలయానికి మర్యాదగా ఈమెయిల్ రాయి. జవాబు రావడం, రాకపోవడం కూడా ఒక సమాచారమే.

మంచి మాట కూడా చెప్పాలి. ఆ ఏడుగురిలో ఎవరి పేరు ఏమిటో, ఎవరు ఏ వ్యాసం రాస్తున్నారో అధ్యాపకులందరికీ తెలిసేది. నా మొదటి వ్యాసం తిరిగి వచ్చినప్పుడు నా వాక్యాల కంటే ఎర్ర అక్షరాలు ఎక్కువగా ఉన్నాయి. చివర "ఈ మాట ఎవరన్నారు? ఎప్పుడన్నారు? నీకెలా తెలుసు?" అని రాశారు. ఆ మూడు ప్రశ్నలు ఇంటర్‌లో నన్ను ఎవరూ అడగలేదు. ఈ వేదికలో నా పేరు అక్కడి నుంచి వచ్చిందే.

వారధి దాటాక (జనవరి 12, సాయంత్రం 7:55)

అన్నీ బాగానే చెబుతున్నారు గాని, సీటు దొరికే అవకాశం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. నేను విద్యార్థులకు దరఖాస్తులు నింపే పని చేస్తుంటాను కనుక ఈ లెక్క నాకు అలవాటు.

ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఢిల్లీ ప్రభుత్వానిది. సీట్లలో 85 శాతం ఢిల్లీ అభ్యర్థులకు, 15 శాతం మాత్రమే బయటివారికి. ఉదాహరణకు ఒక కోర్సులో 60 సీట్లున్నాయనుకుంటే బయటి రాష్ట్రాలన్నింటికీ కలిపి తొమ్మిది. బీహార్, ఉత్తరప్రదేశ్, కేరళ పిల్లలు కూడా ఆ తొమ్మిదికే వస్తారు. మన సీట్లకు ఇలాంటి నియమం ఉంటే మనమూ సమర్థించుకుంటాము గనుక ఇది అన్యాయమని నేను అనను. కానీ దీనిని ఏకైక ఆశగా పెట్టుకోకూడదు.

ప్రవేశం సి.యు.ఇ.టి. అనే జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా జరుగుతుంది. 2025 నుంచి ఈ పరీక్ష పూర్తిగా కంప్యూటర్ మీదే. గరిష్ఠంగా అయిదు సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, ఒక్కొక్క దానికి 60 నిమిషాల్లో 50 ప్రశ్నలు, అన్నీ రాయవలసినవే. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పయితే ఒకటి కోత. తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయవచ్చు, అయితే తరువాత తరగతులు ఇంగ్లీషులో జరుగుతాయన్నది మరచిపోవద్దు. ఏ విశ్వవిద్యాలయం ఏ సబ్జెక్టుల మార్కులను లెక్కలోకి తీసుకుంటుందో ముందే చూసుకుని ఎంచుకోవాలి. నిరుడు నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి బాగా మార్కులు తెచ్చుకున్నా, కావలసిన కోర్సు అడిగిన సబ్జెక్టు రాయకపోవడంతో దరఖాస్తు చేయలేకపోయాడు.

ఇంకొకటి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు కూడా పెట్టేటట్టయితే మన బి.సి.-ఎ, బి.సి.-డి ధ్రువపత్రాలు అక్కడ పనికిరావు. కులం కేంద్ర ఓ.బి.సి. జాబితాలో ఉండాలి, నాన్ క్రీమీలేయర్ పత్రం కేంద్ర నమూనాలో ఉండాలి. వార్డు సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, చివరి వారంలో పరుగులు పెట్టవద్దు.

లబ్బీపేట విద్యార్థిని (జనవరి 12, రాత్రి 10:20)

మాస్టారు గారికి, ఎర్రసిరా అక్కకు, అందరికీ కృతజ్ఞతలు. 15 శాతం సంగతి చదివాక కాసేపు దిగులు పడ్డాను. నిజానికి నేను వెబ్‌సైటులో గ్రంథాలయం ఫొటోలు, కోర్సుల పేర్లు చూసి ఆనందపడ్డానే గాని ఆ పేజీ వరకు వెళ్లనే లేదు. తొమ్మిది సీట్ల కోసం సిద్ధమవుతూనే, పక్కన మరి ఏమి పెట్టుకోవాలో చెప్పగలరా? అవి కూడా ప్రభుత్వానివై, చరిత్రతో పాటు ఇతర విషయాలు చదవనిచ్చేవై ఉండాలి.

సూత్రం ఆరు (జనవరి 13, ఉదయం 8:10)

అమ్మాయీ, నీవు హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదో నాకు అర్థం కాలేదు. నీవు చరిత్ర విద్యార్థినివి గనుక చెబుతున్నాను, ఆ విశ్వవిద్యాలయమే మన చరిత్రలో ఒక ఘట్టం. జై ఆంధ్ర ఉద్యమం తరువాత 1973లో కుదిరిన ఆరు సూత్రాల పథకంలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఒక అంశం. దాని కోసమే రాజ్యాంగంలో 371-ఇ అధికరణ చేరింది, 1974లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడది తెలంగాణలో ఉన్నా కేంద్ర సంస్థ కావడం వల్ల స్థానిక కోటా లేదు, విజయవాడ అమ్మాయికీ వరంగల్ అమ్మాయికీ ఒకే వరుస. ఇంటర్ తరువాత నేరుగా చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఎ.లో చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, సామాజికశాస్త్రం ఉన్నాయి. ప్రవేశం అదే సి.యు.ఇ.టి.తో. ఇది చిన్న సంస్థ కాదు, లిబరల్ ఆర్ట్స్ అన్న బోర్డూ లేదు. అయినా బోర్డు కోసం చదువుతామా?

చిన్నదే కావాలంటే, రాష్ట్ర విభజన చట్టం మేరకు వచ్చిన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 2018 నుంచి అనంతపురంలో నడుస్తున్నది. కొత్త సంస్థ గనుక ఎర్రసిరా గారు చెప్పిన టైంటేబుల్ పరీక్ష దానికి మరింత అవసరం.

బ్రాడీపేట మాస్టారు (జనవరి 13, మధ్యాహ్నం 12:40)

"సూత్రం ఆరు" గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. అయిదేళ్ల కోర్సులో మధ్యలో డిగ్రీతో బయటకు వచ్చే వీలుందేమో, నాలుగేళ్ల ఆనర్సు అయితే ఏమి వస్తుందో కూడా పోల్చుకోవాలి. నాలుగేళ్ల డిగ్రీని 75 శాతంతో పూర్తి చేసినవారు ఎం.ఎ. లేకుండానే పిహెచ్.డి.కి అర్హులని యు.జి.సి. (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 నిబంధనల్లో ఉంది. పరిశోధన మీద మనసున్న పిల్లకు ఇది ఒక సంవత్సరపు తేడా.

ఉపకారవేతనం గురించి కూడా చెబుతాను. బోర్డు పరీక్షలో పై 20 పర్సంటైల్‌లో ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలు మించని రెగ్యులర్ డిగ్రీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ పథకం ఒకటి ఉంది. డిగ్రీ మూడేళ్లు ఏటా 12,000 రూపాయలు ఇస్తారు. ఢిల్లీలో అది గది అద్దెకు రెండు నెలలు కూడా రాకపోవచ్చు, పుస్తకాలకు మాత్రం వస్తుంది.

లబ్బీపేట విద్యార్థిని (జనవరి 14, రాత్రి 8:05)

అయ్యా, ఇది అమ్మాయి ఖాతాయే గాని రాస్తున్నది దాని నాన్నను. చెప్పింది చెప్పినట్టు అమ్మాయే టైపు చేస్తున్నది. పండుగకు షెడ్డు మూసి ఇంట్లో ఉన్నాను గనుక మీరు రాసినవన్నీ మొదటి నుంచీ చదివించుకున్నాను.

మా దగ్గరకు లారీ బాడీ కట్టించుకోవడానికి వచ్చే ఓనరు ముందుగా రంగు చూడడు. వంగి, కింద అడ్డబద్దలు ఎన్ని వేశామో, వెల్డింగు ఎక్కడ పట్టిందో చూస్తాడు. టైంటేబుల్ గురించి ఆ తెనాలి అమ్మాయి రాసినది చదివాక నాకు విషయం అర్థమైంది. చదివాక ఉద్యోగం ఏమిటన్నది నేను ఇప్పుడు అడగను, ఎం.పి.సి. వద్దన్న రోజునే ఆ గొడవ మా ఇంట్లో అయిపోయింది. నాకున్నవి రెండే సందేహాలు. ఆడపిల్ల ఉండటానికి హాస్టలు ఖాయంగా ఇస్తారా? చేరాక నచ్చకపోతే కట్టిన డబ్బు, సర్టిఫికెట్లు తిరిగి వస్తాయా? మా బావమరిది కొడుకును ఒక కాలేజీవారు సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని ఏడాది పాటు తిప్పించారు. అందుకే అడుగుతున్నాను.

ఎర్రసిరా (జనవరి 14, రాత్రి 9:30)

బాబాయి గారూ, రెండవ దానికి ముందు చెబుతాను. ఒరిజినల్ సర్టిఫికెట్లను చూసి వెంటనే తిరిగి ఇవ్వాలి, దగ్గర ఉంచుకోకూడదు అని యు.జి.సి. 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఫీజు వాపసు తేదీలను కూడా యు.జి.సి. ప్రకటిస్తుంది, ఆ నోటీసును ప్రింటు తీసి ఫైలులో పెట్టుకోండి.

హాస్టలు సంగతి వేరు. నగరాల్లోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో హాస్టలు సీట్లు విద్యార్థుల సంఖ్యకు చాలా తక్కువ. ప్రవేశం వచ్చినంత మాత్రాన గది వచ్చినట్టు కాదు. గది రాదనే అనుకుని ఖర్చు లెక్క వేసుకోండి. ఏ ప్రాంగణంలో తరగతులో కూడా ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికి కశ్మీరీ గేట్, కరంపురా, లోధీ రోడ్ ఇలా వేర్వేరు చోట్ల ప్రాంగణాలు ఉన్నాయి. ఒక చోట గది తీసుకుని ఇంకొక చోటికి రోజూ మెట్రోలో తిరగడం మొదటి ఏడాది పిల్లకు భారమే. కశ్మీరీ గేట్ అయితే మూడు మెట్రో లైన్లు కలిసే స్టేషను దగ్గరే. దారా షికో గ్రంథాలయం ఉన్న పాత భవనం ఆ ప్రాంగణంలోనే ఉంది, 2023లో అందులో దేశవిభజన మ్యూజియం తెరిచారు. చరిత్ర చదివే అమ్మాయికి తరగతికి వెళ్లే దారిలోనే అంత చరిత్ర దొరకడం నాకు మాత్రం కొంచెం అసూయగానే ఉంది.

కంకిపాడు కుర్రాడు (జనవరి 14, రాత్రి 10:11)

బాబాయి గారి మాట చదివాక నేనూ మా దూరవిద్య టైంటేబుల్ కోసం వెతికాను. అసలు టైంటేబులే లేదు.

లబ్బీపేట విద్యార్థిని (జనవరి 17, సాయంత్రం 6:25)

ఇప్పుడు రాస్తున్నది నేనే. మూడు విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకు నిన్న ఈమెయిళ్లు పంపాను. గడచిన నాలుగు సెమిస్టర్లలో నడిచిన ఐచ్ఛిక కోర్సులు ఏవి, ఒక కోర్సు నడవాలంటే కనీసం ఎందరు చేరాలి, శాఖలో రెగ్యులర్ అధ్యాపకులెందరు, వ్యాసాలు దిద్ది తిరిగి ఇస్తారా అని అడిగాను. నాలుగవ ప్రశ్న రాయడానికి కొంచెం భయం వేసింది గాని మాస్టారు గారు ధైర్యం చెప్పినట్టుగా అనుకుని రాసేశాను.

సి.యు.ఇ.టి.కి ఇంగ్లీషు, చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, జనరల్ పరీక్ష ఎంచుకున్నాను. నాన్నగారు సోమవారం షెడ్డుకు వెళ్లే ముందు నాతో సచివాలయానికి వస్తామన్నారు. ఈమెయిళ్లలో ఒకదానికి ఈ మధ్యాహ్నమే జవాబు వచ్చింది, రెండు పేజీల టైంటేబుల్ జతచేశారు. అధ్యాపకుల పేర్ల గడిలో రెండు చోట్ల అడ్డగీతలున్నాయి. అక్కా, వాటి గురించి తిరిగి అడగవచ్చా, అడిగితే ఏమైనా అనుకుంటారా?

ఎర్రసిరా (జనవరి 17, సాయంత్రం 6:50)

అడుగు. జవాబిచ్చినవారు అనుకోరు.